అగ్ని కట్టిన ఆనకట్ట

పంచభూతాలలో అగ్నికీ జలానికీ వైరమని లోకం తలుస్తుంది. తైత్తిరీయోపనిషత్తు చెప్పిన సృష్టిక్రమంలో మాత్రం అగ్నినుండియే జలం ఉద్భవించింది. జపాను దేశపు నిక్కో అరణ్యంలో ఈ క్రమాన్ని స్ఫురింపజేసే జలపాతం ఒకటి ఉంది. దాని పేరు కేగోన్. మహాయాన బౌద్ధుల అవతంసక సూత్రానికి జపాను భాషలో గల నామమే అది.

2,486 మీటర్ల ఎత్తుగల నాన్‌తాయ్ అగ్నిపర్వతం పూర్వం లావాను వెడలగ్రక్కి లోయలోని నదికి అడ్డుకట్ట వేసింది. నిలిచిన నీరు చూజెంజి సరస్సయింది. నిండిన ఆ సరస్సు లావాశిల అంచునుండి 97 మీటర్లు క్రిందికి దూకుతోంది. అవరోధం లేకుంటే సరస్సూ లేదు, జలపాతమూ లేదు. ఆ పర్వతశిఖరాన్ని షోదో అనే భిక్షువు సైతం పలుమార్లు విఫలుడైన పిమ్మటనే, క్రీ.శ. 782లో అధిరోహించాడు.

టోక్యోలోని కుమారుని ఇంటికి వచ్చిన ఒక తెలుగు వృద్ధమాత శరదృతువులో ఈ జలపాత దర్శనానికి వెళ్ళారు. భర్త పరమపదించి ఏడాది దాటింది. 40 ఏళ్ళు దంపతులిద్దరూ కలిసి చేసిన సాయంకాల జపం ఆనాటినుండి ఆగిపోయింది. మాల చేతపట్టగానే కంఠం పూడుకుపోయేది. తనలో భక్తి నశించిందేమోనన్న భయాన్ని ఆమె ఎవ్వరికీ చెప్పుకోలేదు.

లిఫ్టులో కొండగర్భం గుండా సుమారు 100 మీటర్లు దిగితే ప్రధానధార ఎదురుగా గర్జిస్తూ కనిపిస్తుంది. ఆమె దృష్టి మాత్రం దానికి ఇరుప్రక్కలా కొండ నడుమనుండి జారే సన్నని ధారలపై నిలిచింది.

“అవి పైనుంచి పడటం లేదేమిరా నాయనా?”

“అదీ ఆ సరస్సు నీరేనమ్మా. రాతిపొరల సందుల్లోంచి ఊరి వస్తోంది.”

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చెంపలపై జారుతున్న కన్నీటిని తుడుచుకోనూ లేదు. ఆ సాయంకాలం మాల తీసి పదకొండు నామాలు పలికారు. పన్నెండవది గొంతు దాటలేదు. మరునాడు మరల కూర్చున్నారు.

నిలిచిన నీరు ఎండిన నీరు కాదు. శోకం శిలయై అడ్డుపడినప్పుడు సాధకుడు తన హృదయం శుష్కించిందని నిశ్చయించుకోరాదు. లోపల సరస్సు నిండుతూనే ఉండవచ్చు. మహాధారగా దూకే బలం లేనినాడు బిందువుగా స్రవించినా చాలు; ఆ బిందువూ ఆ సరస్సుదే. ఈశ్వరుడు సంఖ్యను లెక్కించడు, ఆర్తిని గ్రహిస్తాడు.