ఇంటిలోని చిల్లర

పోపులపెట్టెలోను, దేవుని అరలోను, బీరువాపై పాతడబ్బాలోను పడియుండు నాణెములను ధనముగా నెంచువారు మన యిండ్లలో తక్కువ. పురుషులు సాయంకాలము జేబు దులిపి బల్లపై పడవేయుదురు. గృహిణి ఏరి దాచును. ఇంటిపద్దులో ఈ సొమ్మునకు స్థానము లేదు. కాని యనేకగృహములలో స్త్రీ తన దని చెప్పుకొనదగిన రొక్కము ఇదియొక్కటియే. జీతము బ్యాంకిలో జమపడును. ఖర్చు ఫోనులోనుండి పోవును. ఈ రెంటినడుమ ఆమె చేత మిగులునది చిల్లరయే.

మా యింట నట్టి డబ్బాలు మూడు నిండగా, మా అత్తగారు వానిని చాపమీద కుమ్మరించి కుప్పలు చేసిరి. పావలాలు కొన్ని బయటపడినవి. అవి 2011 జూను 30తో చెల్లుబాటు కోల్పోయినవి గాన వేరుగ నుంచితిమి. పావలా పోయినను పావలావడ్డీ యను మాట మాత్రము పోలేదని ఆమె నవ్విరి. అర్ధరూపాయి సంగతి వేరు. అంగడిలో దాని నెవ్వరును ముట్టరు గాని, చట్టము దాని నింకను త్రోసివేయలేదు. పావలాలు గాక మొత్తము 2,316 రూపాయలు తేలినది.

దీనిని మార్చుట యెట్లు? కూరగాయలమ్మి రూపాయలను, రెండురూపాయలను సంతోషముగ తీసికొన్నది; పదిరూపాయల బిళ్లను మాత్రము వెనుకకు నెట్టినది. పదిరూపాయల నాణెములు 14 విధములుగా నున్నవనియు, అన్నియు చెల్లుననియు రిజర్వుబ్యాంకు 2018లో ప్రకటించినది. ఆ ప్రకటన మా వీధివరకు నడచి రాలేదు. చిల్లర లేదని చాక్లెట్టు చేతబెట్టు వర్తకుడే, మనము చిల్లర యిచ్చినప్పుడు మొగము చిట్లించుట చూచి మేము విస్తుపోయితిమి.

ఇక బ్యాంకికి పోయితిమి. "ఇంత చిల్లర లెక్కపెట్టడానికి ఇక్కడ మనుషులు లేరమ్మా, ఇంకెక్కడైనా చూసుకోండి" అని గవాక్షమునందలి గుమాస్తా సంచిని తెరవకయే పంపివేసెను. మా అత్తగారు మారుమాట లాడక వెనుదిరిగిరి. ఆడువారు గవాక్షమువద్ద ఇట్లు వెనుదిరుగుట కొత్త గాదు. అందుకనియే గుమాస్తాలకు అంతటి ధైర్యము.

చట్టమేమో స్పష్టముగ నున్నది. 2011వ సంవత్సరపు నాణెముల చట్టము ప్రకారము, ఒక చెల్లింపులో 1,000 రూపాయలవరకు రూపాయి మొదలు పైనాణెములును, 10 రూపాయలవరకు అర్ధరూపాయలును చెల్లును. ఇక బ్యాంకుల విషయమున, ఏ శాఖయు గవాక్షమువద్దకు తెచ్చిన నాణెములను నిరాకరింపరాదని రిజర్వుబ్యాంకు ఆజ్ఞ. నూరేసి నాణెములు సంచులలో నుంచి తెచ్చిన ఉభయులకును సుకరమని కూడ అది చెప్పినది.

ఆ రాత్రి మేమందరము కూర్చుండి నూరేసి పొట్లములు కట్టితిమి. పొట్లముపై విలువ వ్రాసితిమి. మరునాడు అత్తగారే ముందు నిలిచి, "తీసుకోమని చెప్పేటట్లయితే ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వండి బాబూ" అనిరి. గుమాస్తా లోనికి బోయి, అధికారితో మాటలాడి వచ్చి, పొట్లములు లెక్కగొనెను. ఆ పని యంతయు అరగంటలో ముగిసినది.

"ఎవరి ఖాతాలో వెయ్యాలి? అబ్బాయిగారి ఖాతాలోనేనా?" అని యాతడడిగెను. ప్రశ్న వచ్చుట సహజమే. మన యిండ్లలో ఆడువారు దాచినది చివరకు మగవారి ఖాతాలో కలియుట వాడుక. అత్తగారు కొంగుచాటునుండి తమ పాసుపుస్తకమును తీసిరి. 2014లో జనధనపథకము వచ్చినప్పుడు కనీసనిల్వ లేకయే తెరచిన ఖాతా అది; పుస్తకములో రెండుమూడు వరుసలే యచ్చుపడియున్నవి.

ఆ వారమే అందులోనుండి కొంత తీసి ఆమె కంటియద్దములు చేయించుకొనిరి. చదువునప్పుడు అక్షరములు అలుకుకొనిపోవుచున్నవని రెండేండ్లుగ తెలిసియు, ఎవరి నడుగుటయా యని యూరకున్నారట.