మంచు లేని ఊరికి వచ్చే చుట్టాలు

మా పెద్దమ్మ కూతురు కెనడాలో ఉంటుంది. జనవరి వస్తే చాలు, కారేసుకుని మంచు కప్పిన పొలాల వెంట తెల్లగుడ్లగూబ కోసం తిరుగుతుంది. ఆర్కిటిక్ నుంచి దిగే ఆ పక్షికి అడవి కంటే బయలు పొలమే ఇష్టమట, తను పుట్టిన చోటులా ఉంటుందని. ఫోటోలు పంపించి "మీ హైదరాబాద్‌లో ఏముందిరా?" అని నన్ను ఏడిపిస్తుంది.

చాలా ఉంది అక్కా. మంచు ఒక్కటే లేదు. మంచు పడే చోట తిండి దొరక్కే కదా అవి మా దగ్గరికొచ్చేది!

హైటెక్ సిటీలో సులువుగా కనిపించేది వాగ్‌టెయిల్. అక్టోబర్ నుంచి మార్చి దాకా ఆఫీసుల లాన్‌లలో, పార్కింగుల్లో తోక ఊపుకుంటూ పురుగులు ఏరుకుంటుంది. బరువు 20 గ్రాములకి అటూ ఇటూ. హిమాలయాల వైపు నుంచి, ఇంకా పైనుంచి ఎగిరొచ్చిన దాన్ని మెడలో ట్యాగ్ వేసుకున్నవాళ్లు ఒక్కరూ తిరిగి చూడరు. బాతులు కావాలంటే మియాపూర్ దాటి అమీన్‌పూర్ చెరువుకి వెళ్లాలి. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు.

హ్యారియర్ అనే గద్ద కథ వేరు. మధ్య ఆసియా గడ్డి మైదానాల నుంచి వస్తుంది. రాత్రి చెట్టెక్కదు, గడ్డిలో నేల మీదే పడుకుంటుంది. పోయిన డిసెంబర్‌లో వికారాబాద్ దగ్గర మా తాత ఊళ్లో చూశాను. నా బైనాక్యులర్ చూసి తాత నవ్వాడు: "గిదెందుకురా? కంచల గమ్మున కూసో, అవే వస్తయ్." అరగంటకి వచ్చింది, గడ్డిని రాసుకుంటూ.

కంచ అంటే పశువులు మేసే బీడు. హెచ్‌సీయూ పక్కనున్న 400 ఎకరాల పేరు కూడా కంచ గచ్చిబౌలే. 2025 ఏప్రిల్‌లో అక్కడ చెట్లు కొట్టడం ఆపమని సుప్రీంకోర్టు చెప్పాక గానీ ఆ మాట మా క్లాసులో చాలామంది వినలేదు. మ్యాప్‌లో అలాంటి నేలంతా ఖాళీగానే కనిపిస్తుంది. డేటాబేస్ క్లాసులో మాకు మొదట చెప్పేది నల్ వేరు, జీరో వేరు అని. ఎవరూ లెక్క రాయని చోట ఏమీ లేదని అనుకోకూడదు.

అందుకే చూసిన ప్రతి పిట్టనీ తేదీతో సహా ఈబర్డ్‌లో ఎక్కిస్తున్నాను. "దీనికి ప్యాకేజీ ఎంత?" అని నాన్న అడుగుతారు. రెండేళ్లయితే నేనూ ఒకప్పటి కంచ మీద లేచిన ఏదో ఒక బిల్డింగ్‌లోనే కూర్చుంటానేమో. ఈలోపు మిగిలినవాటి లెక్కయినా రాసి పెట్టాలి. ఆదివారం పొద్దున ఆరింటికి లేవగలిగినవాళ్లు నాతో రండి. బైనాక్యులర్ ఒకటే ఉంది, వంతులేసుకుందాం.