గాలి గొట్టం కిందికి దించాను

గోదావరి డెల్టాలో ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా రోడ్డు మీదికి నీళ్లొస్తాయి. ఎర్రకాలువ సంగతే తీసుకోండి. ఎక్కడో ఏజెన్సీ కొండల్లో కుండపోతగా కురిస్తే జంగారెడ్డిగూడెం దగ్గర కొంగువారిగూడెం రిజర్వాయర్ నిండుతుంది. గేట్లెత్తితే ఆ నీరంతా నిడదవోలు, తాడేపల్లిగూడెం వైపు చేల మీద పడుతుంది. 2024 జూలైలో అలాగే పడింది. పొలమేదో, రోడ్డేదో తెలియకుండా ఒకటే మడుగు. ఆ మడుగులో నా డీజిల్ కారు ఇంజిన్ పోయింది. తప్పు వరదది కాదు. అంతకు ముందు ఏడాది నేను చేయించిన పని వల్ల పోయింది. మన వైపు కుర్రాళ్లు చాలామంది అదే పని ముచ్చటపడి చేయిస్తున్నారు కాబట్టి ఏమీ దాచకుండా రాస్తున్నాను.

కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ బాక్సు తీసేయించి కోన్ ఫిల్టర్ పెట్టించాను. యాక్సిలరేటర్ తొక్కితే టర్బో ఈల వేస్తుంది. ఆ చప్పుడంటే నాకు ఇష్టం. అంతటితో ఆగితే పోయేది. బానెట్ కింద గాలి సెగలా ఉంటుందని, చల్లగాలి అందితే ఇంజిన్ హుషారుగా లాగుతుందని గొట్టం పొడిగించి, ఫిల్టర్‌ని ముందు బంపర్ వెనక, ఫాగ్ ల్యాంప్ పక్కకి దింపించాను. చల్లగాలి మంచిదన్న మాట నిజమే. రాజమండ్రి మే నెల ఎండలో నడిపినవాళ్లెవరూ దాన్ని కాదనరు. కాకపోతే కంపెనీవాళ్లు ఆ గాలి నోటిని రేడియేటర్ పైన, హెడ్‌లైటు ఎత్తున ఎందుకు పెట్టారని నేను ఒక్కసారీ ఆలోచించలేదు.

పీకేసిన పాత బాక్సుని తర్వాత చేతిలోకి తీసుకుని చూశాను. ముందుకు తెరుచుకున్న నోరు వెంటనే పక్కకి తిరుగుతుంది, అక్కణ్ణించి పైకెక్కుతుంది. వాన చుక్క గాలితో పాటు లోపలికి వచ్చినా ఆ మలుపు దగ్గర గోడకి తగిలి జారిపోతుంది. జారిన నీరు నిలవకుండా బాక్సు అడుగున చిటికెన వేలు దూరేంత కన్నం, దానికి కిందికి మాత్రమే తెరుచుకునే రబ్బరు మూత. నేను దండగ ప్లాస్టిక్ అనుకుని తీసి పారేసినదంతా నీటి కోసం చేసిన ఏర్పాటే.

మామూలు వానలకి నాకు ఇబ్బంది రాలేదు. ఫిల్టర్‌కి నీళ్లు అంటని గుడ్డ తొడుగు వేయించాను. ముందు చక్రం చిమ్మే తుంపర్లని అది బాగానే ఆపింది. అదే నన్ను మోసం చేసింది. తుంపర ఆపడం వేరు, మునిగినప్పుడు ఆపడం వేరు. ఫిల్టర్ నీళ్లలో మునిగితే దానికి ఇక గాలి దొరకదు. ఇంజిన్ మాత్రం పీలుస్తూనే ఉంటుంది. ఆ పీల్పుకి తొడుగు, నూనె పట్టించిన నూలు ఫిల్టర్ రెండూ దారి ఇచ్చేస్తాయి.

ఆ రోజు నీళ్లు నా చక్రం సగానికి కూడా లేవు. ముందు వెళ్తున్న ఆటో దాటేసింది, నేనూ మెల్లగా దిగాను. ఎదురుగా ధాన్యం లారీ వచ్చింది. దాని ముందు లేచిన అల నా బంపర్ మీదికి ఎక్కింది. ఇంజిన్ ఒక్క కుదుపుతో ఆగిపోయింది. నిలకడ నీటి లోతే చూసుకున్నాను గానీ అల ఎత్తు లెక్కలోకి తీసుకోలేదు. మన కారు వేగంగా వెళ్లినా దాని ముందు కూడా అలాంటి అలే లేస్తుంది.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. వెనక బండ్లు హారన్ కొడుతున్నాయి. కంగారులో కీ తిప్పాను. టక్ మని బిగుసుకుంది. మళ్లీ తిప్పాను, మళ్లీ మళ్లీ తిప్పాను. చివరికి అందుకుంది. సుత్తితో కొడుతున్నట్టు శబ్దం చేస్తూ కాసేపు తిరిగి శాశ్వతంగా ఆగిపోయింది.

గాలిని ఎంతైనా నొక్కచ్చు, నీటిని నొక్కలేం. 1248 సీసీ, నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఒకటి తీసుకుందాం. ఒక్కో సిలిండర్‌కి 312 సీసీ. కంప్రెషన్ 17.6కి 1 అయితే పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు సుమారు 19 సీసీ, అంటే నాలుగు టీ స్పూన్లు కూడా కాదు. అంతకు మించి నీళ్లుంటే పిస్టన్ పైకి రాలేదు. కింద క్రాంక్ తోస్తూనే ఉంటుంది. మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అదే సైజు పెట్రోల్ ఇంజిన్‌లో కంప్రెషన్ 10కి 1 దగ్గర ఉంటుంది కాబట్టి చోటు ఇంకాస్త ఎక్కువ. అయినా ప్రమాదం ప్రమాదమే.

హెడ్ విప్పాక మెకానిక్ నన్ను పిలిచి చూపించాడు. ఒక్కో పిస్టన్‌నీ పైకి తెచ్చి బ్లాక్ మీద ఉక్కు స్కేలు అడ్డంగా పెట్టాడు. మిగతావి అంచుతో సమానంగా వచ్చాయి. ఒక్కటి మాత్రం అంచుకి కాస్త కిందే ఆగిపోయింది. స్కేలుకీ దానికీ మధ్య వెలుతురు కనిపిస్తోంది.

"ఆగాక తిప్పేరాండీ?" అన్నాడు.

"తిప్పానయ్యా, చాలాసార్లు."

"ఆగినప్పుడే వంగిందో, తమరు తిప్పినప్పుడు వంగిందో నేను చెప్పలేనండి. తిప్పకుండా తోయించుకొచ్చుంటే ఇంజెక్టర్లు తీసి నీళ్లు బయటికి కొట్టించేవాణ్ణండి. బతికే దారి ఉండేదండి."

ఇంటర్‌కూలర్ పైపు ఊడదీస్తే అందులోంచి కూడా ఎర్రమట్టి నీళ్లు కారాయి. టర్బో ఉన్న బండ్లలో ఈ సంగతి గుర్తుంచుకోవాలి. సిలిండర్లు ఆరాయి కదా అని మర్నాడు స్టార్ట్ చేస్తే ఇంటర్‌కూలర్ అడుగున నిలిచిన నీళ్లు గాలితో పాటు ఇంజిన్‌లోకి వెళ్తాయి.

ఇన్సూరెన్సు రాలేదు. మామూలు పాలసీ వరదలో తడిసిన సీట్లకీ వైరింగుకీ ఇస్తుంది గానీ నీళ్లు పీల్చి ఇంజిన్ పాడైతే దాన్ని పర్యవసాన నష్టం కింద పక్కన పెడుతుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా కొనుక్కోవాలి. నేను కొనలేదు. కొనుక్కున్నా, నీళ్లలో ఆగిన బండిని మళ్లీ తిప్పామని తేలితే, ఫిల్టర్ మార్పు ముందుగా చెప్పలేదని తేలితే పేచీ తప్పదు. సర్వేయర్ మొదట అడిగిన ప్రశ్నలూ అవే.

ఇప్పుడు నా కారుకి పాత బాక్సే ఉంది. కోన్ ఫిల్టర్ మీద మనసున్నవాళ్లని వద్దనను. దాన్ని బానెట్ లోపలే, పైఎత్తున ఉంచుకోండి. చుట్టూ డబ్బా కట్టించి అడుగున నీళ్లు కారే కన్నం పెట్టించండి. బంపర్ వెనకే పెట్టాలనుకుంటే వానాకాలానికి ముందు పైకి మార్చి, సంక్రాంతి నాటికి మళ్లీ దించుకోవచ్చు. గొట్టం మధ్యలో బిగించే బైపాస్ వాల్వు ఒకటి దొరుకుతుంది. కింద నోరు మునిగితే అది తెరుచుకుని పైనుంచి గాలి ఇస్తుంది. అయితే టర్బో బండ్లకి అది పనికిరాదు. తొడుగు వేసుకోండి, కానీ వరద నీళ్లలోకి దిగడానికి దాన్ని భరోసాగా తీసుకోకండి. ఒకసారి టేపు పెట్టి నేల నుంచి గాలి నోటి దాకా కొలవండి. అప్పట్లో నాది అడుగున్నర కూడా ఉండేది కాదు. అందులోంచి ఎదురు లారీ అలకి కొంత తీసేస్తే మిగిలేది ఎంతో మీకే తెలుస్తుంది.

లంక గ్రామాలకి కాజ్‌వేల మీదుగా తిరిగే జీపులవాళ్లు టాపు ఎత్తున స్నార్కెల్ పెట్టించుకుంటున్నారు. సరిగ్గా బిగిస్తే మంచి పనే. కానీ గొట్టం అతుకులన్నీ సీలు చేసి, కింద ఫిల్టర్ బాక్సు కన్నానికున్న రబ్బరు మూత ఎండి పగిలిపోయినా పట్టించుకోనివాళ్లని చూశాను. పైనుంచి గాలి వస్తున్నా, కారు మునిగితే ఆ కన్నంలోంచి నీళ్లు పైకి ఎక్కుతాయి. ఆ మూత ఖరీదు తక్కువ. వేలితో నొక్కి చూస్తే బాగుందో లేదో తెలిసిపోతుంది.