కాజీపేట కూడలి, మా ఇంటి కాగితాలు

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, మధ్యాహ్నం వంటింటి పని సర్దుకున్నాక రెండింటి నుంచి నాలుగింటి దాకా నేనో రైల్వే కంపెనీ నడుపుతాను. కంప్యూటర్లో లెండి! ఆట పేరు ‘ఓపెన్ టీటీడీ’. పేరు వినగానే తిరుమల దేవస్థానం వారిదేమో అనుకునేరు. ఏడుకొండలకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. 1994లో క్రిస్ సాయర్ అనే ఆయన ‘ట్రాన్స్‌పోర్ట్ టైకూన్’ అని ఒక ఆట తయారుచేశాడు. మరుసటి ఏడాది దానికే మెరుగులు దిద్ది చివర ‘డీలక్స్’ తగిలించారు. ఆ మూడు మాటల పొడి అక్షరాలే టీటీడీ. 2004 నుంచి కొందరు ఔత్సాహికులు దాన్ని ఎవరైనా ఉచితంగా ఆడుకునేలా తిరగరాస్తూ వస్తున్నారు. పిల్లలు వాడి వదిలేసిన పాత కంప్యూటరున్నా చాలు, హాయిగా నడుస్తుంది.

ఆటలో మొదట మన చేతికి కొంత అప్పు ఇస్తారు. దానితో పట్టాలు వేసుకోవాలి, స్టేషన్లు కట్టుకోవాలి, ఇంజన్లూ పెట్టెలూ కొనుక్కోవాలి. సరుకు చేరేస్తే కూలి వస్తుంది. అప్పుకి వడ్డీ మాత్రం ఆగకుండా పడుతూనే ఉంటుంది. అచ్చం మన సంసారాల్లాగే.

ఇందులో పటం మనకి కావలసినట్టు మనమే గీసుకోవచ్చు. ఇంజనీరింగ్ చదివే మా అక్క కొడుకు పాత హైదరాబాదు రాష్ట్రాన్ని గీసి నా ముందు పెట్టాడు. “చిన్నమ్మా, దీన్ని గెలిస్తే నీకు దండం పెడతా” అన్నాడు. వాడే రెండుసార్లు దివాలా తీసి వచ్చాడు మరి! ఆట 1930లో మొదలవుతుంది. ఇల్లెందు దగ్గర ఒక బొగ్గు గని, ఉత్తరాన బెల్లంపల్లి వైపు ఇంకో గని. కాజీపేట పక్కన ఒక చిన్న కరెంటు కేంద్రం, అది వాడి కల్పన. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఇంకోటి, అది మాత్రం ఒకప్పుడు నిజంగానే ఉండేది. వడ్డీని పైమెట్టుకి పెట్టాడు. ఇంజన్లు మాటిమాటికీ చెడిపోయే మీట నొక్కాడు. అప్పు పరిమితి తగ్గించాడు. 1945 కల్లా అప్పంతా తీరాలి, మూడు దిక్కులా బండ్లు ఆగకుండా తిరగాలి. ఇదీ పందెం. ఆటలో ఏడాది అంటే మన లెక్కలో పదమూడు, పద్నాలుగు నిమిషాలు. కాబట్టి మొత్తం రెండు మధ్యాహ్నాల పని.

పటం చూడగానే ఎవరికైనా హైదరాబాదు మీదే మనసు పోతుంది. పెద్ద ఊరు, బోలెడు జనం. పైగా దూరం పెరిగితే కూలి పెరుగుతుంది. కానీ అంత దూరం పట్టాలు వేసేసరికి చేతిలో ఉన్నదంతా నేలమీదే పరుచుకుపోతుంది. ఇక ఇంజను కొనడానికి పైసా ఉండదు. పట్టాలు వాటంతట అవి కూలి తేవు కదా!

అందుకని నేను ఇల్లెందు బొగ్గుని కాజీపేట పక్కనున్న చిన్న కేంద్రానికి చేర్చే ఒక్క లైనుతో మొదలుపెట్టాను. బొగ్గే ఎందుకంటే, ఈ ఆటలో ప్రయాణికులు పాలలాంటివాళ్లు, ఆలస్యమైతే విరిగిపోతారు, కూలి తెగ్గోస్తారు. బొగ్గు చింతపండులాంటిది. నాలుగు రోజులు అటూ ఇటూ అయినా పెద్దగా విలువ తగ్గదు. చేతిలో డబ్బు తక్కువగా ఉండి, బండి నత్తనడక నడిచే రోజుల్లో పాల వ్యాపారం పెట్టుకోకూడదు.

రెండో కిటుకు మన షేర్ ఆటోలది. హన్మకొండ చౌరస్తాలో ఆటో నిండితే తప్ప కదలడు చూడండి, బండికి కూడా అదే ఆజ్ఞ ఇవ్వాలి. నిండేదాకా గని దగ్గరే ఆగమనాలి. ఇందులో రెండు లాభాలు. ఖాళీ పెట్టెలు తిరగవు. పైగా గని దగ్గర ఎప్పుడూ ఒక బండి నిలబడి ఉంటే ఆ స్టేషనుకి మంచి పేరు వస్తుంది, గనివాళ్లు మనకిచ్చే సరుకు వాటా పెరుగుతుంది.

మూడోది, గుట్టలు. నిండుబండి ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసపడుతుంది, దాని వెనకున్నవన్నీ ఆగిపోతాయి. కొంచెం చుట్టు తిరిగినా చదునైన దారే మేలు. అలాగని మరీ తిప్పకూడదు. కూలి రెండు స్టేషన్ల మధ్య దూరానికే గానీ మనం తిరిగిన తిరుగుడుకి కాదు. ఊళ్ల దగ్గర చెట్లు కొట్టేస్తే ఊరిపెద్దలకి కోపం వచ్చి స్టేషను కట్టనివ్వరు. మళ్లీ నాలుగు మొక్కలు నాటితే చల్లబడతారు. ఆ మాట వరకూ ఆట రాసినవాళ్లకి దండం పెట్టాలి.

ఇవన్నీ చేసినా మావాడి పటంలో అసలు ముడి కాజీపేటలో ఉంది. సికింద్రాబాదు నుంచి ఒక దారి, బల్లార్షా నుంచి ఒక దారి, వరంగల్ మీదుగా విజయవాడ నుంచి ఒక దారి, మూడూ అక్కడే కలుస్తాయి. రెండో గని బండ్లు దిగగానే ఒకదాని తోకమీద ఒకటి వచ్చి నిలబడతాయి. ఇది వెళ్లాలంటే అది జరగాలి, అది జరగాలంటే ఇది వెనక్కి పోవాలి. మావాడు రెండుసార్లూ ఇక్కడే మునిగాడు.

నాకు ఈ ముడి కొత్తది కాదు. మా బాపు కాజీపేటలో గూడ్సు గార్డుగా చేశాడు. 2022 నుంచి గార్డుల్ని ట్రైన్ మేనేజర్లు అంటున్నారు గానీ, మాకు మాత్రం గార్డే. అర్ధరాత్రి కాల్‌బాయ్ వచ్చి తలుపు కొడితే అమ్మ లేచి స్టవ్ వెలిగించేది. క్యారియర్ సర్ది లైన్ బాక్సు పక్కన పెట్టేది. ఎప్పుడు తిరిగొస్తాడని అడిగితే ఆయన జవాబు ఒక్కటే: “మా డ్యూటీల ఉరికేది తక్కువ, ఆగేది ఎక్కువ బిడ్డా.” ఎక్స్‌ప్రెస్‌లకి దారిచ్చి గూడ్సు పక్క లైన్లో గంటలకొద్దీ నిలబడేది. ఇంటికి కూతవేటు దూరంలో అవుటర్ దగ్గర బండి ఆగిపోతే, పప్పు మళ్లీ వేడిచేసుకుంటూ అమ్మ తిట్టుకునేది.

ఎందుకలా ఆపుతారని ఒకసారి అడిగాను. ఆయన చెప్పింది ఆటలో అక్షరం మారకుండా పనికొచ్చింది. కూడలి దాటాక బండి మొత్తం, తోకతో సహా, నిలబడేంత చోటు అవతల ఖాళీగా ఉంటేనే కూడలిలోకి రానియ్యాలి. లేకపోతే తల అవతల, తోక కూడలి మీద పడుకుని మూడు దార్లూ మూసేస్తుంది. అంటే సిగ్నల్ కూడలికి ముందు ఉండాలి. దాటాక వచ్చే సిగ్నల్‌కీ కూడలికీ మధ్య మన అన్నింటికన్నా పొడుగు బండి పట్టాలి. అవుటర్లో ఒక్క బండి ఆగిందంటే, లోపల తక్కినవి కదులుతున్నాయన్నమాట.

ఇంకో సంగతి. ముగ్గులో మూడు చుక్కలు కలిపినట్టు కూడలిని త్రికోణంగా వేయాలి. అప్పుడు అందరూ ఒకే చుక్క మీద నుంచి పోనక్కరలేదు. వరంగల్ వాళ్లకి ఇది విడమర్చి చెప్పనవసరం లేదు. ఢిల్లీ నుంచి చెన్నై పోయే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఆగుతుంది, కాజీపేట స్టేషనులోకి రాదు. ఢిల్లీ నుంచి హైదరాబాదు పోయే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఆగుతుంది, వరంగల్ రాదు. రెండూ బల్లార్షా వైపు నుంచే దిగి, త్రికోణంలో చెరో పక్కకీ తిరిగిపోతాయి. చుట్టాలకి ఏ స్టేషనుకి రమ్మనాలో చెప్పలేక మనం పడే తిప్పలన్నీ ఆ త్రికోణం పుణ్యమే! ఆటలోనూ అలాగే వేశాను. బండ్లు కదిలాయి.

ఇక మిగిలింది అప్పు. చేతికి నాలుగు రాళ్లు రాగానే కట్టేయాలా, ఇంకో బండి కొనాలా? కొత్త బండి ఏడాదికి తెచ్చేది వడ్డీకన్నా ఎక్కువని మొదటి బండి మీద రుజువైతే కొనాలి. రుజువు కాకపోతే కట్టేయాలి. పాత ఇంజన్లు మార్చడానికి కొంత విడిగా దాచుకోవాలి. ఈ పద్ధతిలో 1943 చివరికి అప్పు తీరింది. మావాడు దండం పెట్టాడు గానీ, “ఇది ఆట కాబట్టి సరిపోయింది చిన్నమ్మా” అని ఒక విరుపు విరిచాడు.

ఆ మాటకి జవాబు మన ఊరి రైలు చరిత్రలోనే ఉంది. ఆ రైల్వే పేరే ‘నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’. గ్యారంటీ అంటే పూచీ. 1883లో హైదరాబాదు లైనుని వరంగల్ మీదుగా పొడిగించి, చాందా, అంటే ఇప్పటి చంద్రాపూర్, దాకా కలపాలని పథకం వేశారు. పెట్టుబడి లండన్ కంపెనీది. బండ్లకి లాభం వచ్చినా రాకపోయినా వాటాదార్లకి ఏడాదికి ఐదు శాతం చొప్పున ఇరవై ఏళ్లపాటు ముట్టజెబుతామని నిజాం ప్రభుత్వం పూచీపడింది. తగ్గినంత ఖజానాలోంచి నింపాలి. ఖజానా అంటే రైతు కట్టే శిస్తే కదా!

ఈ షరతులు అందరి ముందూ పెట్టి చర్చించాలని అడిగినవారిలో ముందున్నాయన అఘోరనాథ్ చటోపాధ్యాయ, మన సరోజినీ నాయుడు తండ్రి. అడిగినందుకు ఆయన్ని 1883లోనే హైదరాబాదు నుంచి పంపించేశారు. లైను 1886లో వరంగల్‌కీ, 1889లో బెజవాడకీ చేరింది. దానివల్ల మేలు జరగలేదని ఎవరూ అనరు, ఇల్లెందు బొగ్గు బయటికి వచ్చింది ఆ దారినే. కానీ కాజీపేట నుంచి బల్లార్షా దాకా పట్టాలు కలిసింది మాత్రం 1929లో. పూచీ సంతకం పడిన నలభై ఆరేళ్లకన్నమాట. 1930లో రైల్వేని ప్రభుత్వమే కొనుక్కుంది.

ఇది చదువుతున్న రోజుల్లోనే మా ఇంట్లో ఒక పూచీ మాట వచ్చింది. కాజీపేటలో బాపు కట్టించిన రెండు గదుల ఇల్లు నా పేరున ఉంది. ఎనుమాముల మార్కెట్‌కి మిర్చి తోలడానికి మా మరిది మూడు ట్రాలీ ఆటోలు ఒకేసారి కొనాలనుకున్నాడు. “వదినా, నువ్వు కాగితాల మీద సంతకం పెడితే చాలు, కిస్తీలు నేను చూసుకుంట” అన్నాడు. కష్టపడే మనిషే, వ్యసనాలు లేవు. మావారు నా మొహం చూశారు. తోడికోడలు టీ కప్పులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

నేను మూడే అడిగాను. మిర్చి సీజను దాటాక ఆ బండ్లలో ఏం వేస్తావు? మొదటి బండి ఎంత తెస్తుందో తెలియకుండా మూడెందుకు? ఏ నెలన్నా కిస్తీ తప్పితే నింపేది ఎవరు? మొదటి రెండింటికీ ఏవో జవాబులు వచ్చాయి. మూడోదానికి అందరం నేల చూశాం. ఆ జవాబు మా బాపు ఇల్లు. పైకి అనడానికి ఎవరికీ నోరు రాలేదు, అంతే.

సంతకం పెట్టలేదు. ఒక్క బండి దానిమీదే లోనుగా తీసుకొమ్మన్నాను. మొదటి చెల్లింపుకి తగ్గినంత నా పొదుపు డబ్బులోంచి చేబదులుగా ఇచ్చాను. ఏడాది లెక్క పుస్తకంలో రాసి చూపిస్తే రెండో బండికి నేనే బ్యాంకుకి వస్తానని చెప్పాను. మరిది తలూపాడు. తోడికోడలు మాత్రం మూడు నెలలైంది, నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. పండక్కి పిలిస్తే వచ్చింది, బొబ్బట్టు మాత్రం ముట్టలేదు. ఆ బాధ నాకు లేదని అనను. కానీ ఇల్లు పోయాక వచ్చే బాధ ముందు ఇది చిన్నదే.

మనలో చాలామంది పేరున ఏదో ఒకటి ఉంటుంది. పుట్టింటివారిచ్చిన నాలుగు గజాలో, నాలుగు తులాలో. ఇంట్లో అందరి చూపూ ఏదో ఒకనాడు దానిమీదికి వస్తుంది. ఇవ్వొద్దని నేననను. రైలు వేయొద్దని అఘోరనాథ్ గారూ అనలేదు. అవతల చోటుందో లేదో చూసుకున్నాకే బండిని కూడలిలోకి రానియ్యండి. అప్పటిదాకా అవుటర్లో ఆగితే ఎవరికో కాస్త కోపం వస్తుంది. వస్తే రానివ్వండి, పప్పు మళ్లీ వేడిచేసుకోవచ్చు.

మరిది బండి ఇప్పుడు పొద్దున కూరగాయలు, సాయంత్రం సిమెంటు బస్తాలు తోలుతోంది. లెక్క పుస్తకంలో నాలుగు పేజీలు నిండాయి. రాసేది ఎవరనుకున్నారు? మా తోడికోడలే. ఫిబ్రవరిలో మిర్చి దిగుతుంది. అప్పుడు ఆ పుస్తకం పట్టుకుని తను నా దగ్గరికి వస్తుందనే నా నమ్మకం.