మూడోసారి లాగకపోవడం

పారాచూట్ అనగానే ఎవరి నోటనైనా వచ్చే ప్రశ్న ఒక్కటే: "అది తెరుచుకోకపోతే?" ప్రశ్న సహజమే. కాని అసలు తెరుచుకోనప్పుడు సందేహానికి తావు లేదు. వీపు మీద రెండవది ఉంటుంది, దానిని విప్పవలసిందే. చిక్కు అంతా మరొక చోట ఉన్నది. గొడుగు తెరుచుకున్నది, తలపైన నిండుగా విప్పారి ఉన్నది, కాని చెప్పిన మాట వినడం లేదు. అప్పుడేమి చెయ్యాలి?

మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తూ కొన్నేళ్ళ క్రితం ఈ క్రీడ నేర్చుకున్నది. తండ్రిని కనుక భయపడ్డాను; బడిపంతులుగా బ్రతికినవాణ్ణి కనుక ఆ భయంతోనే దాని పాఠాలు కొన్ని చదువుకున్నాను. ముందుగా నన్నాకర్షించినది ఆ పేరే. అది ఫ్రెంచివారి మాట. పడిపోకుండా కాచేది అని దాని అర్థం. నిజానికి అది పతనాన్ని ఆపదు. పతనాన్ని ప్రాణి తట్టుకోగలిగినదిగా మారుస్తుంది, అంతే.

మనం పాత సినిమాలలో చూసిన గుండ్రని గొడుగులు ఇప్పుడీ క్రీడలో దాదాపు కనిపించవు. ఇప్పటిది దీర్ఘచతురస్రాకారపు రెక్క. ముందంచున ఉన్న నోళ్ళ గుండా గాలి లోపలికి జొరబడి, వస్త్రపు గదులు నిండి, అది విమానపు రెక్కలా బిగుసుకుంటుంది. దీనికి మూలరూపాన్ని 1964లో రూపొందించిన డొమినా జాల్బర్ట్ గాలిపటాలు కట్టడంలో నిపుణుడు. ఆ రెక్క వెనుక అంచు నుంచి రెండు తాళ్ళు మనిషి రెండు చేతుల దగ్గరకు దిగుతాయి. వాటి చివర ఉండే పిడులను టాగుల్ అంటారు. కుడిది లాగితే రెక్క కుడివైపు తిరుగుతుంది, ఎడమది లాగితే ఎడమకు. నేలకు దిగే క్షణంలో రెండింటినీ ఒక్కసారిగా కిందికి లాగితే వేగం తగ్గి పాదాలు మెత్తగా ఆనుతాయి. ఇవి అచ్చంగా గుర్రపు పగ్గాలే.

మడిచి సర్దేటప్పుడు ఈ పగ్గాలను కొంత లాగి బిగించి ఉంచుతారు. అలా చేస్తే రెక్క తెరుచుకునే వేళ ముందుకు దూకకుండా నెమ్మదిగా నిలదొక్కుకుంటుంది. తెరుచుకున్నాక దూకినవారు పిడులు రెండూ పట్టుకుని ఆ బిగింపు విడిపించాలి. చిక్కులు ఇక్కడే మొదలవుతాయి. తెరుచుకునే కుదుపుకు ఒక పక్క బిగింపు దానంతటదే ఊడిపోవచ్చు. అప్పుడు ఊడిన పక్క వేగం పుంజుకుంటుంది, బిగిసిన పక్క వెనుకబడుతుంది, రెక్క ఆ బిగిసిన వైపుకే గిరగిర తిరుగుతుంది. రెండవదాన్నీ విడిపిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. ఒక్కొక్కప్పుడు తాడు ముడిపడి పిడి ఎంతకీ ఊడిరాదు. ఒక్కొక్కప్పుడు తాడే తెగిపోతుంది.

తెగినా దారి పూర్తిగా మూసుకుపోదు. భుజాల మీదుగా రెక్క వైపు వెళ్ళే నాలుగు పట్టీలలో వెనుకవి రెండూ చేతితో లాగి దిశ మార్చవచ్చు, దిగేటప్పుడు వేగమూ తగ్గించవచ్చు. అయితే దానికి బలమూ అభ్యాసమూ కావాలి. వెనుక పట్టీలను కొంచెం ఎక్కువ లాగితే చాలు, రెక్క హఠాత్తుగా ఎగరడం మానేస్తుంది. నేలకు దగ్గరలో అది జరిగితే ప్రమాదమే. అందుకే ఆ విద్యను ముందుగా చాలా ఎత్తున సాధన చెయ్యమంటారు. అలాగే ఒక చేత పిడి, మరొక చేత పట్టీ లాగుతూ దిగరాదంటారు. రెండు వైపులా సమానంగా లాగడం కుదరదు. దిగబోయే క్షణంలో రెక్క ఒక పక్కకు తిరిగిపోతుంది.

కనుక రెక్క తెరుచుకోగానే చేసే మొదటి పని పరీక్ష. పైకి చూడాలి. కుడికి తిప్పి, ఎడమకు తిప్పి, రెండూ లాగి చూడాలి. మాట వింటే సరి. వినకపోతే సరిచెయ్యడానికి ప్రయత్నించవచ్చు, కాని ఎంతవరకు? దానికి అమెరికాలోని యునైటెడ్ స్టేట్స్ పారాచూట్ అసోసియేషన్ ఒక గీత గీసిపెట్టింది. విద్యార్థులకూ, ఏ తరగతి లైసెన్సు వారికీ 2,500 అడుగులు. ఆపై తరగతుల వారికి 1,800 అడుగులు. ఆ ఎత్తుకు దిగేలోగా నిర్ణయం జరిగిపోవాలి. ఈ రెక్కతో క్షేమంగా దిగగలనన్న నమ్మకం లేకపోతే దానిని వదిలివేయాలి. కుడిపక్క పిడి లాగితే పెద్ద రెక్క ఊడిపోతుంది, ఎడమపక్కది లాగితే రెండవది తెరుచుకుంటుంది.

మా అమ్మాయికి సుమారు నలభయ్యవ దూకుడులో ఈ పరీక్ష ఎదురయింది. నాకు మూడు రోజుల తరువాత ఫోనులో చెప్పింది. రెక్క చక్కగా తెరుచుకున్నదట. కుడి పిడి ఊడివచ్చింది, ఎడమది రాలేదు. రెక్క ఎడమకు తిరగబోతుంటే కుడిది కొంత కిందికి లాగిపట్టి తిన్నగా నిలిపింది.

"ఎడమది ఎన్నిసార్లు లాగావమ్మా?" అని అడిగాను.

"రెండుసార్లు, నాన్నా. మూడోసారి లాగితే వచ్చేస్తుందనే అనిపించింది. కానీ చేతి మీద మీటరు 2,500కి వచ్చేస్తోంది. వదిలేశాను."

వెనుక పట్టీలతో దిగే అభ్యాసం ఆమెకు అప్పటికి లేదు. రెండవ రెక్కతో ఒక పొలంలో క్షేమంగా దిగింది. వదిలేసినది మరునాడు బాదం తోటలో దొరికిందట. రెండవ రెక్కను మడిచి సర్దిన నిపుణుడికి ఇలాంటప్పుడు ఒక సీసా కానుకగా ఇవ్వడం అక్కడి ఆచారమట. ఏ సీసా అని నేనడగలేదు.

ఆ "మూడోసారి" అన్న మాట దగ్గర నా ఆలోచన చాలాకాలం ఆగిపోయింది. మూడోసారి లాగితే నిజంగానే ఊడివచ్చి ఉండవచ్చు. రాకపోయి ఉండవచ్చు కూడా. నాలుగవసారి, అయిదవసారి లాగాలనిపించేది. తలపైన అంత పెద్ద రెక్క తొంభై పాళ్ళు బాగానే ఉన్నప్పుడు, వేల డాలర్ల ఖరీదు చేసే దానిని గాలికి వదలడానికి ఎవరి చెయ్యి వస్తుంది?

ఇందులో మరొక సంగతి కూడా ఉన్నది. ప్రమాదంలో తనంతట తానే రెండవ రెక్కను విప్పే చిన్న యంత్రం ఒకటి ఉన్నది. జర్మనీలో తయారైన సైప్రెస్ 1991 నుంచి వాడుకలో ఉన్నది. అనుభవజ్ఞులు వాడే రకం సుమారు 750 అడుగుల ఎత్తున, గంటకు సుమారు 125 కిలోమీటర్లకు మించిన వేగంతో పడుతున్నవారిని గుర్తించి పని చేస్తుంది. స్పృహ తప్పి రాయిలా పడిపోయేవారికి అది ప్రాణదాత. కాని సగం పనిచేస్తున్న రెక్క కింద మనిషి అంత వేగంగా పడకపోవచ్చు. అప్పుడు యంత్రం దృష్టిలో అంతా సవ్యంగానే ఉన్నట్లు లెక్క. ఆ సమయంలో నిర్ణయం మనిషిదే.

కఠోపనిషత్తు శరీరాన్ని రథమనీ, బుద్ధిని సారథి అనీ, మనస్సును పగ్గమనీ పోల్చింది. ఆ పోలికను ఎన్నో ఏళ్ళు పిల్లలకు చెప్పాను. పగ్గం తెగితే సారథి ఏమి చెయ్యాలని ఏ పిల్లవాడూ నన్నడగలేదు. ఈ క్రీడ చెప్పే సమాధానం: రథాన్ని వదులు, సారథిని కాపాడుకో. ఆ మాట చెప్పడం సులువు. ఆచరణలో పెట్టడానికి వారు చేసిన ఏర్పాటే నాకు నచ్చింది. ఎప్పుడు వదలాలన్న నిర్ణయాన్ని వారు ఆకాశానికి విడిచిపెట్టలేదు. నేల మీద, మనస్సు నిలకడగా ఉన్నప్పుడే, ఒక అంకెగా రాసిపెట్టుకున్నారు. పైన ఉన్నప్పుడు చెయ్యవలసినది ఆ అంకెను చూడడం, చేతిని కదపడం మాత్రమే.

పరీక్ష గదిలో రాని లెక్క దగ్గరే గంట కొట్టేదాకా కూర్చుండిపోయే తెలివైన పిల్లలను ఏటా చూసేవాణ్ణి. మందబుద్ధులకు ఆ బాధ లేదు, వెంటనే వదిలేస్తారు. ఇంకొక్క అడుగు వేస్తే వచ్చేస్తుందని తోచేవారే అక్కడ చిక్కుకుపోతారు. వారికి అక్కడ పోయేది మార్కులు.

అమ్మాయి ఇంకా దూకుతున్నదా, మీకు భయం పోయిందా అని బంధువులు అడుగుతుంటారు. దూకుతున్నది. భయం పోలేదు. కాని అప్పట్లో నా భయానికి అంతు తెలియదు. ఇప్పుడది 2,500 అడుగుల దగ్గర ఆగి, మా అమ్మాయి చేతివంక చూస్తుంది.