కోట్‌లో ఐడీవీ చూశారా?

నిన్న రాత్రి కారు ఇన్సూరెన్స్ రెన్యూవల్‌కి కూర్చున్నాను. మూడు కంపెనీల కోట్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి దాదాపు మూడు వేలు తక్కువ. కట్టేద్దామనుకుంటూ ఐడీవీ, అంటే కంపెనీ మన కారుకి కట్టే విలువ, చూశాను. మిగతా రెండిట్లో 5 లక్షల 20 వేలు, ఇందులో 4 లక్షల 30 వేలు. రేపు కారు దొంగలెత్తుకెళ్లినా, పూర్తిగా పాడైనా చేతికొచ్చేది ఆ లెక్కనే. చవక ఎక్కణ్నుంచి వచ్చిందో అప్పుడర్థమైంది.

ఇక పాలసీ రకం సంగతి. చట్టం అడిగేది థర్డ్ పార్టీ ఒక్కటే. అది మనవల్ల ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి, మన కారుకి పైసా రాదు. కాంప్రహెన్సివ్ ఉన్నా, జీరో డెప్ యాడ్-ఆన్ లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖరీదులో సగం మన జేబులోంచే. ఇప్పటి బంపర్లన్నీ ప్లాస్టిక్కే కదా.

నా బాధంతా ఇంజిన్ ప్రొటెక్ట్ అనే మరో యాడ్-ఆన్ గురించి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో మా బావగారి కారు నీళ్లలో నానింది. నీళ్లు తగ్గగానే ఆత్రంగా తాళం తిప్పారు. ఇంజిన్ పట్టేసింది. సీట్లకీ వైరింగుకీ డబ్బులొచ్చాయి, ఇంజిన్‌కి రాలేదు. ఆ యాడ్-ఆన్ తీసుకోలేదు మరి. ఆ బిల్లు ఒళ్లో పెట్టుకుని అక్క వరండాలో కూర్చున్న తీరు ఇంకా నా కళ్లలోనే ఉంది.

మునిగిన కారుని దయచేసి స్టార్ట్ చేయకండి. ఫోటోలు తీసి, కంపెనీకి చెప్పి, టోయింగ్ బండి పిలిపించండి.

మూడింట్లోనూ ఐడీవీ ఒకటే అంకె పెట్టి మళ్లీ కోట్లు తెప్పించాను. తేడా ఆరొందలకి దిగింది. ఇంజిన్ ప్రొటెక్ట్ కలిపే కట్టాను.