సగం ఊడిన పిన్ను

తెనాలిలో మా ఇల్లు కాలవ గట్టుకు దగ్గర. 1995 ఎండాకాలం సెలవుల్లో బాబాయి మస్కట్ నుంచి వాక్‌మన్ తెచ్చాడు. ఓ మధ్యాహ్నం డాబా మెట్ల మీద కూర్చుని ‘గీతాంజలి’ క్యాసెట్ వింటుంటే ఇయర్‌ఫోన్ పిన్ను సగం ఊడింది. అంతే, బాలు గారు మాయం! వయొలిన్లు ఉన్నాయి, పాట నడుస్తూనే ఉంది, పాడే మనిషి లేడు. బావి అడుగు నుంచి వస్తున్నట్టు ఆయన గొంతు తాలూకు ప్రతిధ్వని మాత్రం సన్నగా వినబడుతోంది. పిన్ను నొక్కితే మళ్ళీ వచ్చేశారు.

పిన్నును ఆ సగం దగ్గరే వేళ్ళతో పట్టుకుని, ఇయర్‌ఫోన్ తీసుకెళ్ళి అమ్మ చెవుల్లో పెట్టాను. బియ్యం ఏరుతున్న అమ్మ చేట పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, ఆ ఖాళీలో మెల్లగా పాడింది. పిన్ను కదిలితే ఎక్కడ ఆపేస్తుందోనని పాట అయ్యేదాకా ఊపిరి బిగబట్టాను.

దాని మర్మం ఇంటర్‌లో, మా వీధి చివర కంప్యూటర్ సెంటర్ అన్న చెబితే తెలిసింది. స్టీరియో పాటలో గాయకుడి గొంతును కుడి ఎడమలకు సమానంగా, సరిగ్గా నడిమధ్య నిలబెడతారు. వాయిద్యాల్లో చాలావాటిని అటూ ఇటూ సర్దుతారు. పిన్ను సగం ఊడితే ఎర్త్ తెగి, చెవికి చేరేది ఆ రెండు వైపుల మధ్య తేడా ఒక్కటే. రెండిట్లో ఒకేలా ఉన్నది కొట్టుకుపోతుంది.

2003 వినాయక చవితి పందిట్లో అమ్మ చేత పాడించాలని పట్టుబట్టాను. ఆర్కెస్ట్రాకు డబ్బుల్లేవు. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ ‘గీతాంజలి’ పాటను కుడి ఎడమలుగా విడదీసి, ఒకదాన్ని తలకిందులుగా ఇన్వర్ట్ చేసి, రెండూ కలిపాను. గొంతుతో పాటు మధ్యలోనే ఉండే బేస్ గిటారూ, డ్రమ్ము దెబ్బా పోయి ట్రాక్ పీలగా తయారైంది. నాన్న కోసం ఘంటసాల పాట కూడా పెట్టాను. మోనో రికార్డు, రెండు వైపులా ఒకటే. కలపగానే తెర మీద అలలన్నీ అణగిపోయి చదునైన గీత మిగిలింది. ఘంటసాల గారిని నా చేత్తో చెరిపేసినట్టు దుఃఖం వచ్చింది.

పందిట్లో అమ్మ గొంతు మొదట వణికింది. ఆమె ఆగిన ప్రతిచోటా బాలు గారి ప్రతిధ్వని వెనకే వినిపిస్తుంటే, సరిగ్గా తీయలేకపోయానని నలిగిపోయాను. అమ్మ దిగి వచ్చి, “వెనకాల ఆయన ఉన్నారురా. నేను తప్పినా పట్టుకుంటారనిపించింది” అంది.

బాలు గారు 2020 సెప్టెంబరు 25న పోయారు. ఆ చలికాలంలో స్ప్లీటర్ అనే సాఫ్ట్‌వేర్‌తో అదే పాటకు ట్రాక్ చేశాను. డీజర్ అనే కంపెనీ వాళ్ళు దాన్ని అంతకు ముందు ఏడాదే విడుదల చేశారు. గొంతు ఏదో, వాయిద్యం ఏదో గుర్తుపట్టేలా దానికి నేర్పారు కాబట్టి మోనోలోంచి కూడా విడదీస్తుంది. ఘంటసాల గారి పాటలో వాయిద్యాలు ఇన్నేళ్ళకు విడిగా వింటూ నాన్న కుర్చీ చెయ్యి మీద తాళం వేశారు.

అమ్మకు హెడ్‌ఫోన్ పెట్టాను. బేస్ నిండుగా ఉంది, డ్రమ్ము దెబ్బ శుభ్రంగా ఉంది. చరణం సగంలో ఆపేసింది.

“ఇందులో ఆయన బొత్తిగా లేరేంట్రా? పాతది ఉందా?”

ఆ పాత ట్రాక్ ఎక్కించిన సీడీ ఎప్పుడో పాడైపోయింది. ఆడాసిటీ తెరిచి, ఒక వైపు మళ్ళీ ఇన్వర్ట్ చేశాను.